ఇంట్లోనే బాక్సింగ్ స్కోరింగ్ – 5వ పాఠం: 10-10 జోలికి పోవద్దు

నాక్‌డౌన్ (దెబ్బకు ఒకరు కిందపడటం) జరిగిన రౌండుకు మార్కులు వేయడం ఈసారి చెబుతానని మాటిచ్చాను. అది వచ్చే పాఠానికి వాయిదా. హాగ్లర్–లియోనార్డ్ పోటీ చూసి రౌండు రౌండుకూ మార్కులు వేసి మీరు పంపిన కార్డులు చూశాక ముందుకు వెళ్లడానికి మనసు ఒప్పలేదు. విజయవాడ కార్డుల్లోనూ, గుంటూరు కార్డుల్లోనూ ఒకటే జబ్బు. ఎక్కడ కాస్త కష్టంగా అనిపిస్తే అక్కడ 10-10, అంటే రౌండు సమం.

అరండల్‌పేట నుంచి వచ్చిన ఒక కార్డు ఇప్పుడు నా ముందే ఉంది. గళ్ల కాగితం మీద పెన్సిలుతో గీసిన చక్కటి పట్టిక. ఐదో రౌండు గడిలో 10-10 అని ఉంది. కాగితాన్ని వెలుతురుకు పట్టి చూస్తే దాని అడుగున, రబ్బరుతో చెరిపేసిన 10-9 కనిపిస్తోంది. అంటే హాగ్లర్‌దే పైచేయి అని ఆ మిత్రుడి కన్ను ముందే పట్టుకుంది. తర్వాత ధైర్యం చాలలేదు. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు అనుకునేవారు జడ్జి కుర్చీలో కూర్చోకూడదు.

రౌండు గెలిచినవారికి 10, ఓడినవారికి 9 అన్నది మీకు తెలిసిందే. అక్కడి నుంచి నేను రోజూ వాడే ఒక కూడిక చెబుతాను. 12 రౌండ్ల పోటీలో నాక్‌డౌన్ గానీ, తప్పు ఆటకు మార్కుల కోత గానీ లేకపోతే, ప్రతి రౌండుకు 19 చొప్పున ఇద్దరి మార్కులూ కలిపి 228 రావాలి. 229 వస్తే ఆ జడ్జి ఒక రౌండు సమం చేసినట్టు. 230 వస్తే రెండు. తుది అంకెలు చూస్తే చాలు, జడ్జి ఎన్నిసార్లు తప్పించుకున్నాడో తెలిసిపోతుంది.

1987 ఏప్రిల్ 6న లాస్ వేగాస్‌లో హాగ్లర్–లియోనార్డ్ పోటీకి వచ్చిన కార్డులు చూడండి. ఇద్దరు జడ్జిలు లియోనార్డ్‌కు 115-113, 118-110 ఇచ్చారు. ఒకరు హాగ్లర్‌కు 115-113 ఇచ్చారు. మూడింటినీ కూడండి: 228, 228, 228. ఇప్పటికీ జనం తగువులాడుకునే ఆ పోటీలో ముగ్గురిలో ఒక్కరూ ఒక్క రౌండూ సమం చేయలేదు. లియోనార్డ్‌కు 115-113 ఇచ్చిన జడ్జి ఒక్క రౌండు హాగ్లర్‌కు వేసి ఉంటే, ముగ్గురిలో ఇద్దరి కార్డులు ఎవరికీ దక్కక పోటీ డ్రా అయ్యేది. ఇలా ఒక్క రౌండుతో ఫలితం తారుమారయ్యే పోటీకి వెంటనే రీమ్యాచ్ పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం. ఇక్కడ అది జరగనే లేదు. హాగ్లర్ మళ్లీ రింగు ఎక్కలేదు.

ఇప్పుడు 10-10 చేసే అసలు చేటు. 1999 మార్చి 13, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్, లెనాక్స్ లూయిస్–ఇవాండర్ హోలీఫీల్డ్. పంచ్‌లు లెక్కపెట్టే కంప్యూబాక్స్ సంస్థ లెక్క ప్రకారం లూయిస్ 348 పంచ్‌లు తగిలించాడు, హోలీఫీల్డ్ 130. అయినా డ్రా. హోలీఫీల్డ్‌కు 115-113 ఇచ్చిన జడ్జి యుజీనియా విలియమ్స్‌ను ప్రపంచమంతా దుమ్మెత్తిపోసింది. ఐదో రౌండులో లూయిస్ 43, హోలీఫీల్డ్ 11 తగిలిస్తే ఆమె రౌండును హోలీఫీల్డ్‌కు ఇచ్చారు. అది తప్పే. కానీ లెక్క వేయండి. ఆ ఒక్క రౌండు సరిదిద్దితే ఆమె కార్డు 114-114 అవుతుంది. రెండో కార్డు 115-115, మూడోది లూయిస్‌కు 116-113. అప్పుడూ డ్రాయే!

115-115 ఇచ్చిన లారీ ఓకానెల్ కార్డు కూడండి. 230. రెండు రౌండ్లు సమం. వాటిలో ఒక్కటి లూయిస్‌కు వేసి ఉంటే ఆ కార్డు 115-114 అయ్యేది, ఆ రాత్రే లూయిస్ గెలిచేవాడు. తిట్లన్నీ ఐదో రౌండుకు పడ్డాయి గానీ, లూయిస్ గెలుపు ఆ రెండు సమం గడుల్లో ఆగిపోయింది. అదే ఏడాది నవంబరు 13న రీమ్యాచ్ జరిగింది. పోటీ మొదటిదానికంటే హోరాహోరీగా సాగింది, అయినా లూయిస్‌కు 115-113, 116-112, 117-111. కూడి చూడండి, మూడూ 228.

1993లో శాన్ ఆంటోనియోలో విటేకర్–చావెజ్ పోటీదీ ఇదే కథ. రెండు కార్డులు 115-115, ఒకటి విటేకర్‌కు 115-113. ఆ రెండింటిలో ఒక్క సమం రౌండు విటేకర్‌కు పడితే చాలు, ఓటమి ఎరుగని చావెజ్ ఓడేవాడు. ఆ ఇద్దరికీ రీమ్యాచ్ జరగలేదు.

10-10 మానేస్తే తప్పుడు తీర్పులు పోతాయని నేను అనడం లేదు. 2012లో పాక్వియావ్–బ్రాడ్లీ కార్డులు మూడూ 228లే, తీర్పు మాత్రం ఘోరం. డబ్ల్యూబీవో (ప్రపంచ బాక్సింగ్ సంస్థల్లో ఒకటి) ఐదుగురు జడ్జిలకు వీడియో చూపిస్తే ఐదుగురూ పాక్వియావ్‌కే వేశారు. రీమ్యాచ్ మాత్రం 2014 ఏప్రిల్ దాకా రాలేదు. అయినా అక్కడ ఏ రౌండులో ఎవరు పొరబడ్డారో వేలు పెట్టి చూపించగలం. 10-10 దగ్గర ఆ వీలుండదు.

మరి తేల్చడం ఎలా? నా పద్ధతి ఇది. రౌండు మూడు నిమిషాలు. ప్రతి నిమిషం చివర పైచేయి ఎవరిదో వారి పేరు కింద ఒక చుక్క పెట్టండి. మూడు చుక్కలు సగానికి చీలవు. ఏదైనా ఒక నిమిషంలో ఒకరి కాళ్లు తడబడితే మాత్రం ఆ నిమిషమే రౌండంతా. శుభ్రంగా తగిలిన పంచ్, ఫలితమిచ్చే దూకుడు, రింగు మీద పట్టు, కాచుకోవడం అని నాలుగు కొలతలున్నాయి. నేను మొదటిదానికే ఎక్కువ విలువిస్తాను. గ్లవ్‌కు తగిలినది పంచ్ కాదు. పొట్టలో దిగినదానికి ప్రేక్షకులు అరవరు, మీరు మాత్రం చూడాలి.

సాధన: లూయిస్–హోలీఫీల్డ్ మొదటి పోటీ, శబ్దం పూర్తిగా కట్టేసి చూడండి. పెన్సిలు వద్దు, పెన్ను. గంట మోగిన అర నిమిషంలోపు గడి నిండాలి, దిద్దుబాట్లు ఉండకూడదు. మర్నాడు అదే పోటీని పన్నెండో రౌండు నుంచి మొదటి రౌండు వరకు వెనక్కి చూస్తూ, పాత కార్డు దాచిపెట్టి, కొత్త కార్డు నింపండి. రెండు కార్డులూ పంపండి. రెంటికీ తేడా వచ్చిన రౌండ్ల చుట్టూ గీత గీసి, ఏ నిమిషం దగ్గర మనసు మారిందో పక్కన రాయండి. కూడితే 228 రాని కార్డును నేను దిద్దను.