షట్‌డౌన్‌లో రెండు పీఎల్‌సీలను ఈథర్‌నెట్‌తో కలుపుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

ప్లాంటు ఆపిన రోజుల్లో (షట్‌డౌన్) యంత్రాలను నడిపే రెండు కంట్రోలర్లను, అంటే పీఎల్‌సీలను, కలిపాక ఆ లింకు తెగితే అలారం మోగుతుంది, ఎవరో ఒకరు పరుగెత్తుకొస్తారు. నాకు అసలు టెన్షన్ లింకు బాగానే ఉండి తప్పుడు లెక్క వస్తున్నప్పుడే. మోడ్‌బస్ లాంటి సిద్ధమైన ప్రోటోకాల్ ఏదీ లేకుండా, నెట్‌వర్క్‌లో బైట్లను చేరవేసే టీసీపీ మీద ఉత్త బైట్లు పంపుకునే చోట ఈ బెడద ఎక్కువ. ఏ బైటుకు ఏ అర్థమో రెండు ప్రోగ్రాములకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

అందుకే షట్‌డౌన్‌కు వారం ముందే ఇరువైపుల ప్రోగ్రామర్లూ కూర్చుని ఒక కాగితం రాసుకోవాలి. ఎన్నో బైటులో ఏముంది, యూనిట్ ఏమిటి, పోర్ట్ ఎంత, కనెక్షన్ ఎవరు మొదలుపెడతారు. ఫోన్లో చెప్పుకున్నవి లెక్కలోకి రావు.

బైట్ల వరుస దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. సీమెన్స్ ఎస్7 పీఎల్‌సీ సంఖ్యలో ఎక్కువ విలువ ఉన్న బైటును ముందు ఉంచుతుంది, రాక్‌వెల్ కంట్రోల్‌లాజిక్స్ తక్కువ విలువ ఉన్నదాన్ని. మా పనిలో ఓసారి 1500 ఆర్‌పీఎం మోటారు అవతలి స్క్రీన్ మీద -9211 అని కనిపించింది. అంత అడ్డగోలుగా ఉంది కాబట్టి దొరికిపోయింది. సున్నా పంపి "వచ్చింది సార్" అంటే ఒప్పుకోకండి, సున్నాను తిరగేసినా సున్నాయే. 4660 పంపించండి. అవతల 13330 కనిపిస్తే బైట్లు తారుమారైనట్టే. దశాంశ సంఖ్యలు నాలుగు బైట్లవి, వాటిని విడిగా పరీక్షించాలి.

టీసీపీకి మెసేజ్ హద్దులు తెలియవు. మీరు 40 బైట్ల చొప్పున రెండుసార్లు పంపితే అవతలికి ఒకేసారి 80 రావచ్చు, 25 తర్వాత 55 కూడా రావచ్చు. మొదట్లో పొడవు, మెసేజ్ నంబరు పెట్టండి. మొత్తం అందాకే బఫర్ (తాత్కాలిక నిల్వ) నుంచి అసలు ట్యాగుల్లోకి (ప్రోగ్రాము వాడుకునే విలువల్లోకి) కాపీ చేయండి.

ఇక పాత విలువ. కేబుల్ ఊడినా ట్యాంకు లెవెల్ 42 శాతం దగ్గరే నిలబడి ఉంటుంది, పంపు నీళ్లు తోడుతూనే ఉంటుంది. ప్రతి సెకనుకూ పెరిగే ఒక కౌంటరు కూడా పంపండి. మూడు సెకన్లు అది కదలకపోతే డేటా చచ్చినట్టే లెక్క, పంపు ఆగిపోవాలి.

ఎమర్జెన్సీ స్టాప్‌ను మాత్రం ఈ మెసేజ్‌లో పెట్టొద్దు. దానికి విడిగా వైరు లాగండి, లేదా భద్రత కోసమే చేసిన సేఫ్టీ ప్రోటోకాల్ వాడండి. ఈ బైట్లకు పాస్‌వర్డ్ ఉండదు కాబట్టి ఆఫీసు నెట్‌వర్క్‌తోనూ కలపకండి. కొత్త ఐపీ (నెట్‌వర్క్ అడ్రసు) ఇచ్చేముందు దానికి పింగ్ (పలకరింపు మెసేజ్) చేయండి, జవాబొస్తే అది వేరొకరిది.

చివరి రోజు ఆపరేటర్ ముందే, పంపు నడుస్తుండగా కేబుల్ పీకండి. మూడు సెకన్లలో పంపు ఆగకపోతే ఆ సాయంత్రం లైను అప్పగించకండి.