డెలివరీ వాళ్లకు ఇంగ్లీషులో దారి చెప్పాలంటే

బెంగళూరులోనో చెన్నైలోనో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలకు పెద్ద ఇబ్బంది, డెలివరీ అబ్బాయి ఫోన్ చేసి "వేర్ ఈజ్ యువర్ హౌస్?" అనడం. తెలిసిన మాటలు కూడా ఆ కంగారులో గుర్తుకు రావు.

మూడు చిన్న వాక్యాలు తెలుగు లిపిలో రాసి తలుపు పక్కన అతికించండి. ముందు అందరికీ తెలిసిన గుర్తు: "కమ్ టు ద వాటర్ ట్యాంక్." తర్వాత దానికి ఇల్లు ఎటువైపో: "మై హౌస్ ఈజ్ బిహైండ్ ద ట్యాంక్." బిహైండ్ అంటే వెనక; పక్కనే అయితే నెక్స్ట్ టు, ఎదురుగా అయితే ఆపోజిట్. చివర కంటికి కనిపించేది: "థర్డ్ హౌస్, గ్రీన్ గేట్." వ్యాకరణం తప్పినా ఫరవాలేదు, ఈ వరుస తప్పకూడదు.

మనమే దారి అడిగినప్పుడు "వేర్ ఈజ్ ద బస్ స్టాప్, ప్లీజ్?" చాలు. జవాబులో లెఫ్ట్, రైట్, స్ట్రెయిట్ మాత్రమే పట్టుకుని "స్ట్రెయిట్, దెన్ లెఫ్ట్?" అని తిరిగి అడగండి. పొరపాటుంటే వాళ్లే దిద్దుతారు.

ఒక్క జాగ్రత్త: ఫోన్‌లో ఉత్త "లెఫ్ట్" అంటే పనిచేయదు. అతను అవతలి వైపు నుంచి వస్తే మన ఎడమ అతనికి కుడి. "ఫ్రమ్ ద మెయిన్ రోడ్, లెఫ్ట్ సైడ్" అని చెప్పండి.