పుస్తకం మూసి చెప్పగలరా? కొత్తగా చదువుకోడానికి వచ్చినవాళ్లకు ఒక మాట

సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, రూము గురించి నేను చెప్పను. అవన్నీ మొదటి వారంలో ఎవరో ఒకరు దగ్గరుండి చేయిస్తారు. ఎలా చదవాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఇంత దూరం వచ్చినవాడికి చదవడం రాదా అనుకుంటారు. వచ్చనే నేనూ అనుకున్నాను.

మా ఇంట్లో కొత్తగా దిగిన కుర్రాడికి మొన్న స్టాటిస్టిక్స్ మొదటి మిడ్‌టర్మ్, అంటే సెమిస్టరు మధ్యలో పెట్టే పరీక్ష, పోయింది. పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. పేజీ పేజీకీ పసుపు గీతలు, వాటి మీద గులాబీ గీతలు. "నాలుగుసార్లు చదివానన్నా" అన్నాడు, గొంతు పూడుకుపోయి.

పుస్తకం మూయించి, స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) అంటే ఏమిటో చెప్పమన్నాను. సూత్రం గడగడా అప్పజెప్పాడు. సగటు నుంచి తేడాలు తీసి వాటిని వర్గం ఎందుకు చేస్తున్నావంటే మాత్రం ఆగిపోయాడు. కాగితం మీద 2, 4, 9 రాయించాను. సగటు 5. తేడాలు మైనస్ 3, మైనస్ 1, ప్లస్ 4. వాటిని అలాగే కూడమన్నాను. సున్నా వచ్చింది. వేరే అంకెలు తీసుకున్నాడు, మళ్లీ సున్నాయే. "ఓహో, ఎప్పుడూ కొట్టుకుపోతున్నాయి, అందుకా!" అన్నాడు. నాలుగుసార్లు చదివినా రానిది ఐదు నిమిషాల్లో వచ్చింది.

నా మొదటి సెమిస్టరూ ఇలాగే గడిచింది. చదువుతున్నంతసేపూ అన్నీ తెలిసినట్టే ఉండేది, పరీక్ష హాల్లో మొదటి లైను కూడా కదిలేది కాదు. ఎదురుగా ఉన్నదాన్ని గుర్తుపట్టడం వేరు, ఎదురుగా ఏమీ లేనప్పుడు గుర్తుతెచ్చుకోవడం వేరు. పరీక్ష అడిగేది రెండోదాన్ని. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో దీన్ని పరీక్షించి చూశారు. కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు, కొందరు చూడకుండా గుర్తున్నదంతా రాశారు. 5 నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే బాగా చెప్పారు. వారం తర్వాత అడిగితే రాసినవాళ్లు ముందుకొచ్చారు. నన్ను భయపెట్టేది ఇంకొకటుంది: మాకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పింది మళ్లీ మళ్లీ చదివినవాళ్లే. వచ్చేసిందన్న ఆ ధీమాయే ముంచుతుంది.

ఇక నాకు కోపం తెప్పించే మాటకు వస్తాను. "నేను విజువల్ లెర్నర్‌ని, వీడియో చూస్తేనే ఎక్కుతుంది." ఎవరో ఒక ప్రశ్నల కాగితం ఇస్తారు, మీరు చూసి నేర్చుకునే రకమో, విని నేర్చుకునే రకమో తేల్చేస్తారు. ఇలాంటివాటిలో బాగా తెలిసిన వార్క్ పద్ధతి (చూసి, విని, చదివి-రాసి, చేసి నేర్చుకునేవాళ్లని నాలుగు రకాలు) నీల్ ఫ్లెమింగ్ అనే అధ్యాపకుడు 1992లో ముందుకు తెచ్చింది. అయితే మనస్తత్వ శాస్త్రవేత్త హెరాల్డ్ పాష్లర్, ఆయన సహచరులు 2008లో అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి, ఎవరి రకాన్ని బట్టి వాళ్లకు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. మీకు వీడియోలంటే ఇష్టం ఉండొచ్చు, నేను కాదనను. కానీ ఎలా నేర్చుకోవాలో చెప్పేది మీ రకం కాదు, ఆ విషయమే. మ్యాపును చూడాలి, ఉచ్చారణను వినాలి, లెక్కను చేయాలి. ఆ ముద్ర వేసుకుని నేను ఆరు వారాలు లీనియర్ ఆల్జీబ్రా వీడియోలు చూశాను. ఒక్క లెక్క కూడా సొంతంగా చేయలేదు. ఆ ఆరు వారాలు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

కాబట్టి దయచేసి ఇది చేయండి. క్లాసు అయిన రోజు సాయంత్రం తెల్ల కాగితం తీసుకుని, నోట్స్ ముట్టుకోకుండా, పది నిమిషాలు గుర్తున్నదంతా రాయండి. తర్వాత నోట్స్ తెరిచి, వదిలేసినవీ తప్పు రాసినవీ వేరే రంగు పెన్నుతో దిద్దండి. రెండు రోజులాగి మళ్లీ, వారానికి మళ్లీ. 2013లో డన్‌లోస్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం పది చదువు పద్ధతులను పోల్చి చూస్తే పైన నిలిచినవి రెండు: తనను తాను పరీక్షించుకోవడం, ఎడం ఇచ్చి చదవడం. హైలైటర్ గీతలూ మళ్లీ చదవడమూ అడుగున ఉన్నాయి.

ఇంగ్లీషులో రాయలేకపోతే ముందు తెలుగులో చెప్పుకోండి, పైకే. తెలుగులోనూ రాకపోతే పాఠం అర్థం కాలేదన్నమాట. తెలుగులో వచ్చి ఇంగ్లీషులో ఆగిపోతే అది భాష ఇబ్బంది, దాని మందు వేరు. ఈ రెంటినీ కలిపేసుకుని నాకు తెలివి లేదని కుంగిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

సిలబస్ కాగితం మొత్తం చదవండి, దేనికెన్ని మార్కులో అందులోనే ఉంటుంది. ఇంకొకరి వాక్యాలు ఎక్కడివో చెప్పకుండా మీ అసైన్‌మెంట్‌లో పెట్టకండి, తెలియక చేశానంటే వినరు. ఆఫీస్ అవర్స్‌కు, అంటే సందేహాలు అడగడానికి ప్రొఫెసర్ కేటాయించిన వేళల్లో, వెళ్లండి, అవి మీకోసం పెట్టినవే. వెళ్లి "ఏమీ అర్థం కాలేదండీ" అనకండి. దిద్దుకున్న ఆ కాగితం చూపించి "ఇక్కడ ఆగిపోయాను" అనండి.

సరే, ఇంత గట్టిగా చెప్పాక ఇదీ చెప్పాలి. ఒక మిడ్‌టర్మ్ పోతే చదువు పోదు. ఆ లీనియర్ ఆల్జీబ్రా నేను పాసయ్యాను. తెల్ల కాగితం మీద మొదటిరోజు మూడు లైన్లకు మించి రావు, నాకూ రాలేదు. మా కుర్రాడికి నిన్న రాత్రి అర పేజీ వచ్చింది. స్టాండర్డ్ డీవియేషన్‌లో ఎన్‌తో (అంకెలు ఎన్ని ఉన్నాయో ఆ సంఖ్యతో) కాకుండా ఎన్ మైనస్ 1తో ఎందుకు భాగిస్తారన్న దగ్గర ఆగి, పక్కన పెద్ద ప్రశ్న గుర్తు పెట్టుకున్నాడు. గురువారం ఆ కాగితం పట్టుకుని ప్రొఫెసర్ దగ్గరికి వెళ్తానన్నాడు.