పెరటి కోళ్ల పెంపకం – 5వ పాఠం: కాళ్లు పడిపోయిన కోడి

కోడిని బెదరనీయకుండా పట్టుకుని, రెక్కలు అదిమి ఒళ్లో పెట్టుకోవడం పోయిన పాఠంలో నేర్చుకున్నాం. ఈ పాఠమంతా ఆ పట్టుతోనే పని.

కోడి కుంటుతోందనగానే మందుల షాపుకు పరుగెత్తకండి. దాని వయసెంత, ఇన్నాళ్లూ ఏం తింటోంది అన్నవి ముందు చూసుకోండి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

పోయిన వేసవిలో మిషన్‌లో పొదిగించిన పిల్లలు 11 తెచ్చాను. అట్టపెట్టెలో, బల్బు కింద పెట్టి, చేతికి అందుబాటులో ఉన్నాయని నూకలే వేశాను. మూడో వారానికి నాలుగు పిల్లలు నిలబడలేక మడమల మీద కూలబడ్డాయి. ఒకదాన్ని అరచేతిలోకి తీసుకుని చూస్తే కాలివేళ్లు గుప్పిట బిగించినట్టు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. వేలితో తెరిస్తే తెరుచుకుంటాయి, వదిలితే మళ్లీ ముడుచుకుంటాయి. కళ్లు మాత్రం చురుగ్గానే ఉన్నాయి, గింజ చూపిస్తే పొడుస్తోంది.

వేళ్లు ఇలా ముడుచుకుంటే ముందుగా అనుమానించాల్సింది బి2 విటమిన్ లోపాన్ని. ఇది తగ్గితే కాలి నరాలు ఉబ్బి దెబ్బతింటాయి. తల్లి వెంట పెంటకుప్పలు గీరే పిల్లలకు పురుగూ ఆకూ దొరుకుతాయి కాబట్టి ఈ ఇబ్బంది తక్కువ. పెట్టెలో పెరిగేవాటికి మనం వేసిందే దిక్కు.

పిల్లకు రోజుకు 100 మైక్రోగ్రాముల బి2 చొప్పున వరుసగా రెండు రోజులు ఇస్తే చాలు. బి-కాంప్లెక్స్ సిరప్ 5 మి.లీ.లో 2 మి.గ్రా. బి2 ఉందని సీసా మీద రాసి ఉంటే, పావు మి.లీ. పోస్తే సరిపోతుంది. మల్టీవిటమిన్ అని ఉన్న ప్రతి సీసాలోనూ బి2 ఉండదు, లేబుల్ చదివి కొనండి. ముక్కు పక్క నుంచి చుక్కచుక్కగా వేయండి, గబుక్కున పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నీళ్లలో కలిపితే నీడన ఉంచాలి, వెలుతురు తగిలితే ఈ విటమిన్ పాడైపోతుంది. ఆ తర్వాత నూకలు మాని, చిన్న పిల్లల కోసం తయారుచేసే స్టార్టర్ దాణాకు మార్చండి. నా పిల్లల్లో మూడు లేచి తిరిగాయి. నాలుగోదాన్ని ఆలస్యంగా గమనించాను, దాని నరం అప్పటికే పాడైంది. ఆ పిల్ల ఇప్పటికీ నా కళ్లలో మెదులుతుంది.

వేళ్లు బాగానే ఉంటే కాలి పైభాగం చూడండి. గుడ్డులోంచి బయటికొచ్చిన ఒకటి రెండు రోజుల్లోనే కాళ్లు రెండు పక్కలకూ జారిపోతుంటే, చాలాసార్లు కింద పరిచిన న్యూస్‌పేపర్ నునుపే కారణం. గోనెసంచి పరిచి, రెండు కాళ్లనూ మామూలు ఎడంలో మెత్తటి ప్లాస్టర్‌తో నాలుగు రోజులు కలిపి ఉంచండి. ఎముక వంగి, ముక్కు రబ్బరులా మెత్తగా ఉంటే డి3, కాల్షియం, భాస్వరం చూడాలి, ఎండ తగలనివ్వాలి. మడమ కీలు వాచి, దాని వెనక తాడులా ఉండే స్నాయువు పక్కకు జారితే మాంగనీస్ లోపం కావచ్చు. ఒకసారి జారాక దాణా మార్చినా వెనక్కి రాదు. పెద్ద కోడైతే అరికాలిలో నల్లటి పొక్కు ఉందేమో, రెక్కల కింద పిడుదులు ఉన్నాయేమో వెతకండి.

ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాచి పడుకుంటే మారెక్స్ అనే వైరస్ జబ్బును అనుమానించాలి. దీనికి మందు లేదు, పుట్టిన రోజు వేసే టీకాయే రక్ష. కాళ్లతో పాటు మెడ తిరిగిపోయి, ఆకుపచ్చగా పారుతూ, ఒకదాని వెంట ఒకటి పడుతుంటే కొక్కెర తెగులు (రాణిఖెత్) కావచ్చు. ఆ రోజే పశువైద్యుడికి చెప్పండి.

ఏ కారణమైనా, పడిపోయిన కోడిని విడిగా గంప కింద ఉంచి, నీళ్లు ముక్కు దగ్గరే పెట్టండి. లేవలేని కోడి జబ్బు కంటే ముందు దాహంతో చచ్చిపోతుంది.

వచ్చే పాఠం కొక్కెర టీకాల గురించి. ఈలోపు మీ పెరట్లో ఆరోగ్యంగా ఉన్న కోడిని ఒకదాన్ని పట్టుకుని, రెండు కాళ్లూ వేళ్ల నుంచి తొడ దాకా నొక్కి చూడండి. బాగున్న కాలు ఎలా ఉంటుందో చేతికి తెలిస్తేనే తేడా పట్టుకోగలరు.