సౌర కణాల పుట్టుక ఇనుముతో పట్టండి

సూర్యుడి నుంచి కణాల వాన కురిసిందని తెలియగానే చాలామంది ప్రోటాన్ల గ్రాఫు తెరుస్తారు. నేను తెరవను. వాన ఎంత కురిసిందో ప్రోటాన్లు చెబుతాయి, ఎక్కడ పుట్టిందో చెప్పవు. దానికి ఆ వానలోని ఇనుమునే అడగాలి.

1997లో ఎగిరిన ఏస్ వ్యోమనౌకలో, ఇలాంటి కణాలను మూలకాలవారీగా లెక్కించే సిస్ పరికరం లెక్కలు తీసుకోండి. ఇనుముకూ ఆక్సిజన్‌కూ ఒకే శక్తి పరిధి ఎంచుకోండి, అదీ న్యూక్లియాన్‌కు (కేంద్రకంలోని ఒక్కో ప్రోటాన్ లేదా న్యూట్రాన్‌కు) ఇంత అన్న లెక్కలోనే. కొత్తలో నేను మొత్తం శక్తితో పోల్చి, ఒక ఆదివారమంతా తప్పుడు అంకెలతో కుస్తీ పట్టాను. ఘటన మొత్తానికీ విడివిడిగా కూడి, ఇనుమును ఆక్సిజన్‌తో భాగించండి. తొలి గంటలను మాత్రం నమ్మవద్దు: ఇనుము అయాన్లు దారిలో తక్కువ చెదిరి ముందే వచ్చేస్తాయి.

0.13 దగ్గర తేలితే, కరోనా (సూర్యుడి బయటి వాతావరణం) నుంచి ఎగసిన ద్రవ్యం ముందు పరుగెత్తే అఘాత తరంగం (షాక్ వేవ్) పని అనుకోవచ్చు. 1 చుట్టుపక్కల వస్తే చిన్న సౌర జ్వాల (ఫ్లేర్) పని. అప్పుడు హీలియం-3 కూడా చూడండి, దానికి అదే నౌకలోని యూలీస్ పరికరం మేలు. సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే సౌర పవనంలో మామూలు హీలియం-4 పదివేలుంటే నాలుగైదు మాత్రమే కనబడే ఈ తేలికపాటి ఐసోటోపు, కొన్ని చిన్న జ్వాలల ఘటనల్లో దాన్నే మించిపోతుంది!

నడుమ అంకె వస్తే నేను తీర్పు చెప్పను. పాత జ్వాలలు మిగిల్చిన కణాలనే అఘాత తరంగం మళ్లీ ఎగదోసి ఉండవచ్చు.