చలికాలంలో పిల్లలతో టెంట్‌లో రాత్రి: వణక్కుండా పడుకోవడం ఎలా?

డిసెంబరు వచ్చిందంటే పిల్లల్ని వెంటేసుకుని కార్లన్నీ అల్లూరి సీతారామరాజు జిల్లా ఘాట్ రోడ్లు ఎక్కేస్తాయి. లంబసింగి, అరకు, వంజంగి ఎక్కడ చూసినా టెంట్లే. లంబసింగి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంటుంది, చలి గట్టిగా పడిన రోజున తెల్లవారుజామున ఉష్ణోగ్రత సున్నా దగ్గరదాకా దిగుతుంది. ఈ సంగతి తెలిసి కూడా చాలామంది ఒక టెంటు, ఇంట్లో ఉన్న నాలుగు దుప్పట్లు డిక్కీలో పడేసుకుని బయల్దేరతారు. రాత్రి రెండింటికి పిల్ల ఏడుపు అందుకుంటుంది. మూడింటికి ఇంటిల్లిపాదీ కారులో ముడుచుకుని కూర్చుంటారు. దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే: పైన మూడు కప్పి, కింద ఏమీ పరవకపోవడం.

ముందే ఒక మాట. రెండేళ్లు నిండని పిల్లల్ని ఈ చలిలో టెంట్‌లో పడుకోబెట్టొద్దు, రూము తీసుకోండి. మిగతావాళ్లకైనా మొదటి రాత్రి కొండమీద కాదు, మీ ఇంటి డాబా మీద. అక్కడ పడుకోలేని పిల్లాడు లంబసింగిలో అస్సలు పడుకోడు.

టెంటు, చోటు

ఇద్దరు పెద్దలు, ఇద్దరు చిన్నపిల్లలకి నలుగురి టెంటు చాలు. పిల్లలు పదేళ్లు దాటితే ఆరుగురిది తీసుకోండి. లోపలి గుడ్డ, పై కప్పు విడివిడిగా ఉన్న రెండు పొరల టెంటే కొనాలి. విసిరితే తెరుచుకునే ఒంటిపొర టెంట్లు బీచిలో నీడకి పనికొస్తాయి, మంచు కురిసేచోట కాదు. మేకుల తలలు టెంటుకి ఎదురుదిక్కుకి వాలేలా ఏటవాలుగా దిగ్గొట్టి, పై కప్పు లోపలి గుడ్డకి ఎక్కడా తగలకుండా తాళ్లు బిగించండి.

ఏటి ఒడ్డున, లోయ అడుగున వేయొద్దు. రాత్రి చల్లగాలి బరువెక్కి పల్లంలోకే జారుతుంది. పది, పదిహేను అడుగులు మెరకన ఉన్నా తేడా తెలుస్తుంది. చెట్ల కింద మంచు తక్కువ పడుతుంది కానీ ఎండుకొమ్మలు వేలాడుతున్నాయేమో తలెత్తి చూసుకోండి. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడ బాగుందని అడక్కుండా దిగిపోయేవాళ్లున్నారు, అది ఒకరి పొలం. రిజర్వు అడవి అయితే అటవీశాఖ అనుమతి లేనిదే టెంటు వేయకూడదు.

కింద పరవడం: అసలు పని ఇదే

దుప్పటిగానీ స్లీపింగ్ బ్యాగుగానీ వెచ్చగా ఉంచేది తనలో చిక్కుకున్న గాలితో. దాని మీద పడుకోగానే ఒంటి బరువుకి ఆ గాలంతా బయటికి పోతుంది. అంటే స్లీపింగ్ బ్యాగు ఎంత ఖరీదైనదైనా వీపు కింద నలిగిన భాగం వట్టి గుడ్డతో సమానం. నేల మాత్రం రాత్రంతా ఒంట్లో వేడిని లాగుతూనే ఉంటుంది. పిల్లల శరీరం చిన్నది కాబట్టి వాళ్లు పెద్దలకంటే త్వరగా చల్లబడతారు. పైన నాలుగో దుప్పటి కప్పితే బరువు తప్ప లాభం లేదు. దాన్ని మడిచి కింద వేయండి.

ఇంటికి చుట్టాలొస్తే వేసే గాలి పరుపు తేవద్దు. మెత్తగా ఉంటుంది, పిల్లలు ఎగురుతారు, అంతవరకే. దాని లోపల గాలి అటూ ఇటూ తిరుగుతూ ఒంటి వేడిని నేలకి, నేల చలిని ఒంటికి చేరవేస్తుంటుంది. యోగా మ్యాటు కూడా ఒక్కటే చాలదు. దుకాణంలో క్యాంపింగ్ మ్యాటు కొంటుంటే ఆర్-వాల్యూ అనే అంకె అడగండి. ఎక్కువ ఉంటే ఎక్కువ కాపాడుతుంది, ఒకదాని మీద ఒకటి వేస్తే అంకెలు కూడుకుంటాయి. జనవరి లంబసింగికి మొత్తం నాలుగు ఉండాలి. అంత డబ్బు పెట్టక్కర్లేదనుకుంటే ఈ కింది వరస పాటించండి. కారులో వెళ్లేవాళ్లకి బరువు సమస్య కాదు కాబట్టి ఖరీదైన మ్యాటుకంటే ఇదే మేలు.

మొదట వరిగడ్డి. ఆ రోజుల్లో కోతలు అయిపోయి ఉంటాయి, దగ్గర ఊళ్లో అడిగి, డబ్బులిచ్చి తెచ్చుకోండి. పొడిగా ఉండాలి, ముక్కిన వాసన వస్తే వద్దు. పరిచేముందు కొద్దికొద్దిగా విదిలించాలి, తేళ్లూ జెర్రులూ గడ్డిలో చేరడం మామూలే. జానెడు మందాన పరిస్తే పడుకున్నాక రెండు మూడు అంగుళాలకి అణుగుతుంది. అంతకంటే పలచగా వేస్తే దండగ. ఇది వేశాక దగ్గర్లో మంట మాటే ఎత్తకూడదు.

దాని మీద టార్పాలిన్. ఇక్కడ చాలామంది చేసే తప్పు, టెంటుకంటే పెద్ద టార్పాలిన్ పరిచి అంచులు బయటికి వదిలేయడం. పై కప్పు మీద నుంచి జారిన మంచునీళ్లన్నీ ఆ అంచుల మీద పడి తిన్నగా టెంటు కిందికి చేరతాయి. నాలుగువైపులా టెంటు అంచుకంటే నాలుగేసి అంగుళాలు లోపలికే ఉండేలా మడవండి. ఆ పైన టెంటు.

టెంటు లోపల పది మిల్లీమీటర్ల ఫోమ్ షీట్లు రెండు వరసలు. ఈ గోడ నుంచి ఆ గోడదాకా నింపేయాలి, కింది వరస అతుకుల మీదే పై వరస అతుకులు రాకూడదు. మనిషికో మ్యాటు లెక్కన పెద్దలకి సరిపోతుంది. పిల్లలు నిద్రలో గడియారం ముల్లులా తిరుగుతారు, ఎక్కడ ఖాళీ ఉంటే తెల్లారేసరికి అక్కడ తేలతారు.

చివరగా గొంగళి. కురుమలు నేసే నల్ల గొంగళి ఇంట్లో ఉంటే అటక మీంచి దించండి. ముతక ఉన్ని కాబట్టి బరువుకి పూర్తిగా నలగదు, కాస్త తేమ తగిలినా వెచ్చదనం పోదు. గుచ్చుకుంటుందని పిల్లలు గొణిగితే పైన పాత నూలు దుప్పటి వేయండి. గొంగళి లేకపోతే ఉన్ని రగ్గు. మింక్ బ్లాంకెట్ కింద వేయడానికి పనికిరాదు, ఒక్క గంటలో చపాతీ అయిపోతుంది.

ఇప్పుడు పరీక్ష. పిల్లల్ని లోపలికి పంపకముందే, చీకటి పడ్డాక, మీరు స్వెట్టరు తీసేసి ఒక పక్కకి తిరిగి పది నిమిషాలు పడుకోండి. తుంటి దగ్గర, భుజం దగ్గర చల్లగా తగిలితే ఇంకో పొర కావాలి. వెల్లకిలా పడుకుని బాగానే ఉందనుకోవద్దు. బరువంతా ఒక్కచోట పడేది పక్కకి తిరిగినప్పుడే.

పిల్లల్ని పడుకోబెట్టడం

పగలు ఆడిన బట్టలు మొత్తం మార్చాలి, సాక్సులతో సహా. చెమట తడి పైకి కనిపించదు, అర్ధరాత్రి బయటపడుతుంది. ఒంటికి అంటుకునే థర్మల్, దాని మీద ఒక ఉన్ని స్వెట్టరు, వదులు సాక్సులు, మంకీ క్యాపు చాలు. జాకెట్టు కూడా తొడిగి కుక్కితే స్లీపింగ్ బ్యాగు బిగిసి అందులోని గాలి పోతుంది. జాకెట్టు పైన కప్పండి.

స్లీపింగ్ బ్యాగు మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటే కంఫర్ట్ అన్న అంకెనే నమ్మాలి. ఎక్స్‌ట్రీమ్ అన్నది ప్రాణం నిలిచే లెక్క, నిద్ర లెక్క కాదు. పెద్దల బ్యాగులో ఆరేళ్ల పిల్లాణ్ణి పెడితే కాళ్ల దగ్గర సగం బ్యాగు ఖాళీగా చల్లగా పడి ఉంటుంది. ఆ ఖాళీని మడిచి కిందికి దోపండి, లేదా తాడుతో వదులుగా కట్టేయండి.

పడుకునే ముందు నెయ్యి వేసిన అన్నమో, రెండు పల్లీ చిక్కీలో తినాలి, ఆ తర్వాత ఒంటేలుకి వెళ్లి రావాలి. రానంటే కూడా తీసుకెళ్లండి. ఒంటిపొర స్టీలు సీసాలో వేణ్ణీళ్లు పోసి, తలకిందులు చేసి కారడం లేదని చూసి, మందపాటి సాక్సులో తొడిగి పావుగంట ముందు బ్యాగులో పెట్టండి. మీ మణికట్టు లోపలివైపు ఆనిస్తే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. పిల్లలు దూరాక పాదాల దగ్గరికి జరపండి. ఫ్లాస్కు పెట్టేవాళ్లు కూడా ఉన్నారు, అది వేడి బయటికి రాకుండా చేసిన వస్తువు.

పిల్లలు మధ్యలో, పెద్దలు గోడల పక్కన. ముఖం మాత్రం బ్యాగు బయటే ఉండాలి. లోపల ఊపిరి వదిలితే ఆ తేమకి బ్యాగు తడుస్తుంది, తడిస్తే చల్లబడుతుంది.

గాలి, నిప్పు

చలేస్తోందని జిప్పులన్నీ మూసేస్తే నలుగురి ఊపిరిలోని తేమ గుడ్డకి పట్టి, తెల్లవారుజామున బొట్లుబొట్లుగా మీదే రాలుతుంది. పై కిటికీలు, తలుపు జిప్పు పైభాగం బెత్తెడు తెరిచే ఉంచండి. కింద సరిగ్గా పరిచి ఉంటే ఆ మాత్రం గాలికి ఎవరూ వణకరు.

కుంపటి, గ్యాస్ స్టవ్, నిప్పుల గమేళా టెంట్‌లోకి తేవడానికి వీల్లేదు. కాసేపే అనీ, జిప్పు తెరిచే ఉందనీ చెప్పొద్దు. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకి వాసన ఉండదు, నిద్రపోతున్నవాళ్లు నిద్రలోనే చనిపోతారు. చలిమంట టెంటుకి కనీసం ఇరవై అడుగుల దూరంలో, గాలి టెంటు వైపు వీయని దిక్కున వేసుకుని, పడుకునేముందు నీళ్లు పోసి ఆర్పాలి.

మధ్యలో మెలకువ వస్తే

పిల్లల చేతులు పట్టుకుని చూడొద్దు, అవి చల్లగానే ఉంటాయి. మెడ వెనక, ఛాతీ మీద చెయ్యి పెట్టండి. అక్కడ వెచ్చగా ఉంటే పర్వాలేదు. చల్లగా ఉంటే మీ బ్యాగులోకి తీసుకుని తీపి వేడిపాలు పట్టండి. వణుకు ఆగకపోయినా, లేదా వణుకు ఆగిపోయి మత్తుగా, మాట తడబడుతున్నా ఇక ఆలోచించేది లేదు, వెచ్చటి గదికీ డాక్టరు దగ్గరికీ బయల్దేరాల్సిందే. అందుకే గది, కారు నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉన్నచోటే టెంటు వేయాలి.

పొద్దున్నే

వంజంగి మేఘాలు చూడాలంటే చీకట్లోనే ఎక్కాలి. ఎక్కడం మొదలవగానే పిల్లల స్వెట్టర్లు విప్పి మీ సంచిలో వేసుకోండి, మొదటి ఐదు నిమిషాలు చలేసినా సరే. చెమటతో పైకి చేరితే అక్కడి గాలికి వణుకు పుడుతుంది. పైకి చేరాక లోపలి బనియను మార్చి, స్వెట్టరు వేసి, తర్వాత ఫొటోలు.

దిగొచ్చాక టెంటు లోపల పొడిగుడ్డతో తుడిచి, ఎండలో ఆరేసి మడవండి. గడ్డి తడవకుండా ఉంటే ఇచ్చినవాళ్లకే తిరిగి ఇచ్చేయండి, పశువుల మేతకి పనికొస్తుంది. ఇంటికెళ్లాక స్లీపింగ్ బ్యాగుల్ని వాటి చిన్న సంచిలో కుక్కి వచ్చే ఏడాదిదాకా ఉంచొద్దు, లోపల నింపినది అణిగిపోతుంది. దిండు గలీబుల్లో వదులుగా పెట్టి అల్మారాలో దాచండి.