మనసు బాగోకపోతే వేలు పోయక్కర్లేదు

ప్రైవేట్ కౌన్సెలింగ్ ఫీజు చూసి ఆగిపోయినవాళ్లు ముందు 14416కి ఫోన్ చేయండి. 2022లో కేంద్రం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ ఇది. ఉచితం, ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. బాధ ఉన్న మనిషే చేయాలని లేదు. నాన్న తాగుడు గురించో, అమ్మకి నిద్ర పట్టకపోవడం గురించో పిల్లలు చేసినా సలహా ఇస్తారు.

హైదరాబాద్‌లో డాక్టర్‌ని నేరుగా కలవాలంటే ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఆ పేరు చెప్పి వెక్కిరించడం మన సిటీకి పాత జబ్బు, పట్టించుకోకండి. ఓపీలో చూపించుకుని ఇంటికొచ్చేయొచ్చు. అయినా మొహమాటమైతే గాంధీ, ఉస్మానియా ఆస్పత్రుల్లోనూ సైకియాట్రీ విభాగాలున్నాయి. పొద్దున్నే వెళ్లండి, రద్దీ ఎక్కువ. పాత చీటీలు, వాడుతున్న మందుల స్ట్రిప్పులు పట్టుకెళ్లండి. సమస్య ఎప్పుడు మొదలైందో తెలిసిన ఇంటిమనిషి తోడుంటే ఇంకా మేలు. రద్దీలో డాక్టర్ మందులు రాసి పంపేస్తే, "కౌన్సెలింగ్ కూడా ఉందా?" అని మీరే అడగండి.

హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ ఒకసారి తీసి చూడండి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శరీర జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ కవర్ ఇవ్వాలి. అడ్మిట్ చేయాల్సి వస్తే అది పనికొస్తుంది.